ఫసలీ 1377 రసీదు

మా ఊరు ఉన్న చోటే ఉంది గానీ నాలుగు జిల్లాలు తిరిగింది. 1950 ఆగస్టు 15కి ముందు విశాఖపట్నం జిల్లా. ఆ తర్వాత శ్రీకాకుళం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుడితే అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఇవి చాలనట్టు, 1985లో మండలాలు వచ్చేదాకా మేం పార్వతీపురం తాలూకా వాళ్లం. నాన్న పోయాక పొలం అమ్మ పేరు మీదకి మార్పించడానికి తిరుగుతున్నప్పుడు ఈ తారీఖులన్నీ నాకు నోటికొచ్చేశాయి. కాగితం ఏ ఏడాదిదో తెలిస్తే గానీ అది ఏ ఊళ్లో, ఏ బీరువాలో ఉంటుందో తేలదు మరి.

ఈ పని మీద తిరుగుతున్నవాళ్లు చాలామంది కనిపించారు. ఎక్కువమంది చేతిలో ఆధార్ జిరాక్సు, నోట్లో ఒకటే మాట: "మా పొలం కాగితాలు కావాలండీ." ఆ మాటకు ఏ ఆఫీసులోనైనా ఒకటే జవాబు: "ఇక్కడ లేవండి." అందులో అబద్ధమేం లేదు. పొలం కాగితాలన్నీ ఒకచోట ఎప్పుడూ లేవు. ఎవరు సాగు చేస్తున్నారన్నది అడంగల్‌లో, ఎవరికి హక్కుందన్నది వన్-బీలో, ఎవరు ఎవరికి అమ్మారన్నది రిజిస్ట్రాఫీసులో, గట్లూ కొలతలూ సర్వే వాళ్ల ఎఫ్‌ఎంబీలో ఉంటాయి. అసలు ఆ భూమి సర్కారుదా, జిరాయితీదా (అంటే రైతు సొంతమా) అన్నది సెటిల్‌మెంట్ రికార్డులో ఉంటుంది. ఒక్కొక్కదానికి ఒక్కో కాపలాదారు. రిజిస్టరు పేరు, సంవత్సరం, సర్వే నంబరు మూడూ చెప్పి అడిగితే మాత్రం అదే గుమస్తా కుర్చీలోంచి లేస్తాడు. ఈ సంగతి నాకు తెలిసేసరికి సగం పని అయిపోయింది.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. నాన్న విశాఖలో ఆస్పత్రిలో పోయారు. మరణ ధ్రువపత్రం కోసం మా గ్రామ సచివాలయానికి వెళితే, "పోయిన చోటే నమోదవుతుంది బాబూ, ఇక్కడ మేం రాయకూడదు" అన్నారు పంచాయతీ కార్యదర్శి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం అంతే. ఇంట్లో పోతే ఊరి పంచాయతీలో చెప్పాలి, 21 రోజుల్లోపు అయితే రుసుము లేదు. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రివాళ్లే పంపుతారు, మనం నకలు తెచ్చుకోవడమే. అలా విశాఖ కార్పొరేషన్ నుంచి తెచ్చుకున్నాం. ప్రింటు తీసుకునే ముందే పేరు ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి. తర్వాత దిద్దించడం వేరే యజ్ఞం.

అమ్మ పెన్షన్ పని చప్పున అయిపోయింది. నాన్నకు వృద్ధాప్య పెన్షన్ వచ్చేది. ఆయన ధ్రువపత్రమూ అమ్మ ఆధారూ ఇస్తే వెల్ఫేర్ అసిస్టెంట్ అమ్మాయి అక్కడికక్కడే దరఖాస్తు ఎక్కించింది. ఇప్పుడు ఒకటో తారీఖున నాలుగు వేలు ఇంటికొచ్చి ఇస్తున్నారు. 2019 అక్టోబరు 2న ఈ సచివాలయాలు మొదలైనప్పుడు మా ఊళ్లో వేళాకోళం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇలాంటి పనులకు మాత్రం అవి నిజంగా దగ్గరైనాయి. పాత రికార్డు విషయానికొస్తే వాళ్ల దగ్గర కంప్యూటరే ఉంటుంది, కంప్యూటర్లోకి ఎక్కనిది వాళ్లకూ కనబడదు.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి అందరి ఆధార్‌లూ అడిగారు. మా అప్ప, అంటే అక్క, రాయగడలో ఉంటుంది. ఆడపిల్ల కదా అవసరమేముందిలే అని ఊళ్లో ఒకరిద్దరు సలహా ఇచ్చారు గానీ, అలాంటి సలహాలు వింటే రేపు కోర్టుకెక్కాలి. అప్ప వచ్చింది, వీఆర్వో ముందు వాంగ్మూలం ఇచ్చింది, పొలం అమ్మ పేరున ఉండడానికి తనకు సమ్మతమేనని రాసిచ్చింది. అంతే.

అసలు చిక్కు పొలం దగ్గరొచ్చింది. మాకు మూడు ముక్కలు. రెండింటికి సర్కారు వెబ్‌సైటు మీభూమిలో వన్-బీ చూస్తే నాన్న పేరు శుభ్రంగా ఉంది. మూడోది చెరువు కింద 62 సెంట్ల పల్లం, మేం ఏటా వరి ఊడ్చేదే. దానికి మాత్రం పట్టాదారు గడిలో వేరే ఇంటివాళ్ల తాత పేరుంది. దాన్ని మా తాత కొన్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. దస్తావేజు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఏ ఏడు కొన్నాడో అంతకన్నా తెలీదు. అమ్మనడిగితే, "నేను కాపరానికి రాకముందే కొన్నారట" అంది. అది సంవత్సరం కింద లెక్కకు రాదు.

వీఆర్వో మంచివాడే. "లింకు డాక్యుమెంటు తెండి, మ్యుటేషన్ పెడదాం" అన్నాడు. మ్యుటేషన్ అంటే రికార్డులో పేరు మార్పు, లింకు డాక్యుమెంటు అంటే తాత కొన్నప్పటి దస్తావేజు. అది కావాలంటే రిజిస్ట్రాఫీసులో వెతికించాలి. 1983 నుంచి ఇటువైపు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) అయితే కంప్యూటర్‌లో క్షణంలో వస్తుంది. దానికి ముందరివి చేతిరాత ఇండెక్సు పుస్తకాలు, ఏడాదికో పుస్తకం. ఏడాది చెప్పకపోతే వెతికేవాడు ఎక్కణ్ణుంచి మొదలెడతాడు? వెతుకులాటకు రుసుము కూడా సంవత్సరాల లెక్కన కట్టాలి. "మా తాత బతికున్న రోజులన్నీ వెతకండి" అంటే జేబు ఖాళీ.

దారి చూపించింది అమ్మ ట్రంకుపెట్టె. అడుగున, పెళ్లిపత్రికల కింద, దారంతో కట్టిన శిస్తు రసీదులు. చెదలు తిన్నవి పోగా మిగిలినవి ఓ గుప్పెడు. అన్నిటికన్నా పాతదాంట్లో తాత పేరు, 62 సెంట్లు, పక్కన "ఫ. 1377" అని ఉంది. నేను దాన్ని ఖాతా నంబరనుకున్నాను. మా ఊరి ఆఖరి కరణం గారి అబ్బాయి ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు, డెబ్బై దాటాయి. ఆ రసీదు చూపిస్తే కళ్లజోడు పైకెత్తి చూసి, "ఫసలీ అది. ఐదువందల తొంభై కలుపు" అన్నారు. కలిపితే 1967. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, జులై ఒకటిన మొదలై జూన్ ముప్పైతో ముగుస్తుంది కాబట్టి 1967 జులై నుంచి 1968 జూన్ దాకా. "ఆ ఏడు శిస్తు మీ తాత కట్టాడంటే అంతకు ముందు ఒకటి రెండేళ్లలోనే కొన్నట్టు. రిజిస్ట్రాఫీసులో అరవై ఐదు నుంచి అరవై ఎనిమిది దాకా చూడమను, చాలు" అన్నారాయన. ఏళ్ల తరబడి మా ఇంట్లో తేలని లెక్క, చుట్ట ఆరిపోయేలోగా తేల్చేశారు.

ఆయన దగ్గర ఇంకో సంగతి తెలిసింది. 1984లో రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసినప్పుడు లెక్కలన్నీ ఆఫీసుకు అప్పజెప్పమన్నారు. వాళ్ల నాన్నగారు అన్నీ అప్పజెప్పి, ఏ పుస్తకం ఏ ఫసలీదో వరసగా రాయించుకుని రసీదు పుచ్చుకున్నారట. ఆ జాబితా నకలు ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. నేను ఫోన్లో ఫొటో తీసుకున్నాను. తర్వాత ఒక ఆఫీసులో "మీ ఊరి పాత అడంగళ్లు మాకు రాలేదు" అన్నప్పుడు ఆ ఫొటో చూపిస్తే, మధ్యాహ్నానికల్లా వచ్చాయి.

రిజిస్ట్రాఫీసు దగ్గర ఇంకో మెలిక. ఇప్పుడు మా మండలం వాళ్లు వెళ్లే ఆఫీసు ఒకటి. ఆ రోజుల్లో మా ఊరు ఉన్నది వేరే ఆఫీసు పరిధిలో. ఇది నాకు చెప్పింది బయట చెట్టుకింద బల్ల వేసుకున్న దస్తావేజు లేఖరి, టీ డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ రెండో ఆఫీసులో దరఖాస్తు పెట్టి రుసుము కట్టాను. రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకాన్నీ, దాని రెండు ఇండెక్సులనూ రుసుము కట్టిన ఎవరైనా చూడొచ్చని అందులో ఉంది. వీలునామాలూ, జీపీఏల (అధికార పత్రాల) వంటివీ ఎక్కే పుస్తకాలు మాత్రం సంబంధించినవాళ్లకే. ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, రెండో ఇండెక్సులో ఊళ్లు, సర్వే నంబర్లు.

పేరు మీద వెతికితే దొరకలేదు. తాత పేరు చివర మా ఇంట్లో "నాయుడు" తగిలిస్తాం, దస్తావేజులో అది లేదు, ఇంటిపేరు కూడా ఒక అక్షరం తేడా. ఊరి పేరు మీద వెతికితే దొరికింది. 1967 పుస్తకంలో మా ఊరి పేరు కింద కేవలం కొన్ని వరసలే ఉన్నాయి. చిన్న ఊరు కావడం అక్కడొక్క చోటే కలిసొచ్చింది. ఆ వరసలో దస్తావేజు నంబరు, వాల్యూమ్, పేజీలు. ఆ పట్టుతో అసలు పుస్తకం తీశారు. అట్ట ఊడిపోయి, గుడ్డతో కట్టి ఉంది. పేజీలు గోధుమరంగులోకి తిరిగినా సిరా మాత్రం నిన్న రాసినట్టుంది. ఆ రోజుల్లో ప్రతి దస్తావేజునూ గుమస్తా చేత్తో ఎక్కించేవాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. "నా పిత్రార్జితమైనదిన్నీ, నా స్వాధీనానుభవములో ఉన్నదిన్నీ" అని మొదలుపెట్టి, ఆరువందల యాభై రూపాయలకు అమ్మినట్టు, చెక్కుబందీ నాలుగు దిక్కులూ, ఆఖర్న అమ్మినాయన నిశాని వేలిముద్ర. సాక్షుల్లో ఒకరు మా కరణం గారే.

ఆ ధ్రువీకృత నకలు చేతికొచ్చాక పనైపోయిందనుకున్నాను. వీఆర్వో చూసి, "ఇందులో 47/3 అని ఉంది బాబూ, ఇప్పుడది మూడు ముక్కలయ్యింది, మీది ఏది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు గ్రామ సర్వేయర్ దగ్గర దొరికింది. పాతికేళ్ల కుర్రాడు, సరదాగా పనిచేస్తాడు. ఎఫ్‌ఎంబీ స్కెచ్ బల్లమీద పరిచి, దస్తావేజులోని హద్దులు నన్ను చదవమన్నాడు. "తూర్పు చెరువు గట్టు, దక్షిణం పంట కాలువ, పడమర పుంత" అని చదువుతుంటే పెన్సిలుతో ఒక్కోటీ గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ఉత్తరం హద్దులో ఉన్నది అమ్మినాయన తమ్ముడి పేరు. ఆ తమ్ముడి వారసులు ఇప్పుడు 47/3ఏలో ఉన్నారు. దాని కిందిది, చెరువు గట్టును ఆనుకున్నది 47/3బీ ఒక్కటే. కొలతా 62 సెంట్లే వచ్చింది. రీసర్వే అయిపోయిన పక్క ఊరివాళ్లకు సర్వే నంబర్లే పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. వాళ్లయితే పాత నంబరుకు కొత్త నంబరు ఏదో ముందు పట్టుకోవాలి. మాకింకా అంతదాకా రాలేదు.

ఇక సెటిల్‌మెంట్ రికార్డు. మాది ఒకప్పటి జమీ గ్రామం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి, ఏ నంబరు ఏ రకం, ఎవరిది అని తేల్చి రాసిన పుస్తకమే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. ఆఫీసుల్లో ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. గుంటూరు, ఒంగోలు వైపు రైత్వారీ ఊళ్లకు, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన ఊళ్లకు, ఈ స్థానంలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) ఉంటుంది. అక్కడ పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేసిన నంబర్లే "చుక్కల భూములు" అయ్యి జనాన్ని ఏళ్లకేళ్లు తిప్పాయి. వాటికోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. మా నంబరు ఎస్‌ఎఫ్‌ఏలో జిరాయితీ అని ఉంటే ఏ గొడవా లేదు, సర్కారు పోరంబోకు అని ఉంటే దస్తావేజు ఎంత పాతదైనా నిలబడదు. అందుకే అది చూడాల్సిందే.

మొదట అడిగిన చోట "ఆ పేజీ చిరిగిపోయింది" అన్నారు. చూపించమంటే చూపించారు, నిజంగానే 40వ నంబరు తర్వాత రెండు ఆకులు లేవు. రెండో ప్రతి ఎక్కడుంటుందంటే ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఇక్కడే సమాచార హక్కు చట్టాన్ని బయటికి తీద్దామనుకున్నాను. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దానికి రుసుమే లేదు, మండల ఆఫీసులో ఐదు రూపాయలు, ఆపైన పది. ఇవ్వడానికి 30 రోజుల గడువు. కాగితమే కాదు, రికార్డును స్వయంగా చూస్తానని కూడా అడగొచ్చు, మొదటి గంటకు రుసుము లేదు. "ఎందుకు ఇవ్వడం లేదు" అని రాస్తే ఏం రాదు. "ఫలానా గ్రామం, ఎస్‌ఎఫ్‌ఏ, సర్వే నంబరు 47 ఉన్న పేజీ ధ్రువీకృత నకలు, లేదా అది ఏ కార్యాలయంలో ఉందో రాతపూర్వకంగా" అని రాయాలి. అలాగే రాసి, సంతకం చేసి, జేబులో పెట్టుకుని వెళ్లాను. ఇవ్వాల్సిన పని పడలేదు. కాగితం మడత విప్పుతుండగానే సీనియర్ అసిస్టెంట్ ఒకాయన, "ఎందుకండీ అదంతా, విజయనగరం కలెక్టరేట్ రికార్డు రూంలో కాపీ అప్లికేషన్ పెట్టండి, 79కి ముందరివి అక్కడికి వచ్చిన కట్టల్లో ఉండాలి" అన్నారు. అక్కడే ఉంది. 47/3 ఎదురుగా "జిరాయితీ, పల్లం" అని, అమ్మినాయన తండ్రి పేరుతో. దస్తావేజులోని తండ్రి పేరూ అదే. తీగ అక్కడికి కలిసిపోయింది.

మ్యుటేషన్ దరఖాస్తు సచివాలయంలోనే పెట్టాం. అందులో నోటీసు అనేది ఒకటుంటుంది: ఫలానా భూమికి పేరు మార్చబోతున్నాం, అభ్యంతరం ఉంటే చెప్పండి అని. రికార్డులో పేరున్న వాళ్లకు అందిస్తారు, బోర్డుకు అంటిస్తారు. పట్నంలో అయితే అది ఉత్త కాగితం. మా ఊళ్లో ఆ పేరున్న ఇల్లు మాకు మూడిళ్ల అవతల. వాళ్ల గుమ్మంలోకి ఒకరోజు హఠాత్తుగా సర్కారు నోటీసు వెళితే, "మా తాత పేరు కొట్టేయించడానికి చూస్తున్నారు" అనే మాట సాయంత్రానికి రామకోవెల దగ్గర తేలుతుంది. అమ్మ ఆ సంగతి నాకన్నా ముందే ఆలోచించింది. "కాగితం వెళ్లకముందు మనిషి వెళ్లాలిరా" అని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

ఆ ఇంటాయన నాకు వరసకు బాబాయి. దస్తావేజు నకలు చేతిలో పెడితే చదవలేదు. వేలిముద్ర ఉన్న చోట మాత్రం చాలాసేపు చూశాడు. "మా తాతదేనా ఇది?" అన్నాడు. తాత ఫొటో కూడా లేదట వాళ్లింట్లో. తర్వాత అమ్మ వైపు తిరిగి, "అమ్మేశాడని మాకు తెల్దేటి వదినా? పెళ్లి ఖర్చుకు అమ్మేడంట. ఆ నోటీసేదో రానీ, నాను సంతకం పెట్టెస్తాను" అన్నాడు. ఆయనకు ఆ పేజీ జిరాక్సు ఒకటి ఇచ్చి వచ్చాం.

వీఆర్వో విచారణ, ఆర్‌ఐ నివేదిక, తాసిల్దారు ఉత్తర్వు ఒకదాని తర్వాత ఒకటి అయ్యాయి. గడువులోగా అభ్యంతరం ఏదీ రాలేదు. మధ్యలో ఒకసారి ఫైలు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టాను. అర్జీకి నంబరు ఇస్తారు, ఆ నంబరు కింది ఆఫీసులో తెర మీద కనబడుతుంది. అది కనబడ్డాక కదిలింది. ఇప్పుడు మీభూమిలో మూడు ముక్కలూ అమ్మ పేరున ఒకే ఖాతాలో ఉన్నాయి.

ఇక ఇంటి స్థలం మిగిలింది. అది గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లకు వదిలిన స్థలంలో ఉంది. దానికి అడంగలూ లేదు, వన్-బీ లేదు. పంచాయతీ ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్‌లో తాత పేరున ఓ వరస ఉంది, అంతే. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద ఊళ్లలోని ఇళ్ల స్థలాలను డ్రోన్‌తో కొలిచి ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు. మా ఊరి వంతు వచ్చేలోపు పన్ను రిజిస్టర్‌లో అమ్మ పేరు ఎక్కించమని కార్యదర్శికి అర్జీ ఇచ్చాం. పాత రిజిస్టర్లు చూడాలన్నారు. ఏ ఏడువి కావాలో ఈసారి రాసుకునే వెళ్లాను.